పిలవని పేరు

నోట్లో పెట్టిన మామిడిముక్కని గంగ కారు కిటికీలోంచి తూ అని ఉమ్మేసింది. పోయిన వారం మనం వాళ్లని వదిలిపెట్టింది అక్కడే, చాపరాయి దాటి అరకు వెళ్లే రోడ్డు మీద. ఉమ్మేసిన పిల్ల ఏడవలేదు, అరవలేదు, తప్పు చేశానని తల కూడా దించుకోలేదు. నీళ్ల సీసా అడిగి తీసుకుని, బాగా పుక్కిలించి, మూత బిగించి మళ్లీ సత్యవతి ఒళ్లో పెట్టింది. ఏడేళ్ల పిల్ల అంత పద్ధతిగా మనం పెట్టింది కాదంటే ఏం చెయ్యాలో సత్యవతికి ఎవరూ నేర్పలేదు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు. సత్యవతి, పైడిరాజులది ముంచింగిపుట్టులో కిరాణా కొట్టు. విజయనగరం వైపు నుంచి వచ్చి కొండల్లో స్థిరపడ్డారు. పిల్లల్లేరు. మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. కిందటి వానాకాలంలో గంగనీ, దాని తమ్ముడు ఫల్గుణనీ పెంపకానికి తెచ్చుకున్నారు. పిల్లల తల్లి జ్వరంతో పోయింది. తండ్రి సోంబరు ఎక్కడో సొరంగం పనికి వెళ్లి మట్టిపెళ్లల కింద పోయాడని తోటి కూలీలు వచ్చి చెప్పారు. నా అనేవాళ్లు లేని పిల్లలని హోములో చేర్చారు, హోము నుంచి సావుకారి ఇంటికి వచ్చారు.

ఇంకో వారంలో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరు రమణి మేడమ్ వస్తుంది. పెద్దవాళ్లని బయటికి పంపి, ఈ ఇంట్లో ఉండిపోవడం ఇష్టమేనా అని గంగనే అడుగుతుంది. గంగ ఊ అంటే దత్తత సంగతి ముందుకు నడుస్తుంది. ఊహూ అంటే పిల్లలిద్దరూ మళ్లీ హోముకే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సత్యవతి అప్పుడే గంగకి తేజస్వి అని బడిపేరు కూడా అనుకుని పెట్టుకుంది. నాలుగేళ్ల ఫల్గుణ ఆమెని అమ్మా అనే పిలుస్తాడు. గంగ మొదట్లో సావుకారమ్మా అనేది, తరవాత అత్తా అంది, అక్కడే ఆగింది.

అందుకే ఈ ప్రయాణం. అరకులో కొత్తగా పెట్టిన మేఘమాల పార్కుకి పిల్లల్ని తీసుకెళ్లి, రంగులరాట్నాలూ జారుడుబల్లలూ చూపించి, ఐస్‌క్రీములు తినిపించి, పిల్ల మనసు మంచి చేసుకుందామని. లంచానికి ఇంకో పేరు పెడితే ముద్దు అవుతుందా? కాదని సత్యవతికీ తెలుసు. తెలిసే బయల్దేరింది.

"ఏటయ్యిందే గుంటా, పులుపా?" డ్రైవరు పక్క సీట్లోంచి పైడిరాజు వెనక్కి తిరిగి అడిగాడు.

"పులుపు కాదు మావా. మా ఇంట్లో కొత్త ఇంకా పెట్టలేదు."

ఏజెన్సీలో ఇన్నేళ్లు వ్యాపారం చేసినవాళ్లకి కొత్త అంటే తెలియకుండా ఎలా ఉంటుంది! కొత్త మామిడికాయ ముందు పోయిన పెద్దలకి పెట్టి, తరవాతే మనుషులు తింటారు. అదే మామిడి కొత్త. అంతవరకూ చెట్టు కింద రాలిన కాయని కూడా నోట పెట్టరు. కాకపోతే ఆ దంపతులకి తెలిసిన కొత్త వేరు. కొత్త వస్తోందంటే కొట్లోకి బెల్లం, ఎండుచేపలు ఎక్కువ తెప్పించుకోవాలి. అంతే.

"కొత్తయిపోయి చాన్నాళ్లయిందే! ఊరూరా పెట్టీసుకున్నారు కాదా?"

"మా ఇంట్లో ఎవులు పెట్టినారు?"

పైడిరాజు ముందుకు తిరిగిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు అందుకునే మనిషి అరకు దాకా మళ్లీ మాట్లాడలేదు. సత్యవతి అది గమనించింది గానీ ఎందుకో అర్థం కాలేదు. మా ఇల్లు అని పిల్ల అన్నది ఏ ఇంటిని? తాళం పడి, కప్పు కూలిపోయిన ఆ కొండ మీది ఇంటినా? మరి తను రోజూ తల దువ్వి, జడలు వేసి పంపిస్తున్న ఇల్లు ఎవరిది? కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు సిగ్గేసింది. ఏడేళ్ల పిల్ల మీద కోపమేమిటి?

మేఘమాల గేటు దగ్గర ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి పిల్లలకి చేతులు ఊపుతున్నాడు. ఫల్గుణ ఒక్క కేక పెట్టి పైడిరాజు మెడ ఎక్కి కూర్చున్నాడు. గంగ మాత్రం ఎలుగుబంటి కాళ్ల వైపు చూసి, "సెప్పులేసుకున్నాది" అని ముందుకు నడిచింది. ఆ పిల్లకి పార్కు నచ్చుతోందో లేదో తేల్చుకోవడం సత్యవతి వల్ల కాలేదు. రంగులరాట్నం ఎక్కమంటే ఎక్కింది. దిగమంటే దిగింది. నీళ్ల జారుడుబల్ల మీద జారింది, తడిసింది, తువ్వాలుతో తుడుచుకుంది. నవ్వమంటే నవ్వేదేమో కూడా. పరీక్ష పేపరు దిద్దుతున్న పంతులమ్మలా పిల్ల మొహంలోకి పదేపదే చూసి సత్యవతి అలిసిపోయింది.

జెయింట్ వీల్ దగ్గర దారులు విడిపోయాయి. ఫల్గుణ దాన్ని చూసి పూనకం వచ్చినట్టు గెంతాడు. గంగ రానంది.

"మీరు ఎల్లండి. నాను దీన్ని అలా తిప్పుకొస్తాను," అంది సత్యవతి.

"బేగి వచ్చీయండి. మద్దినేల భోజనానికి లైను కట్టీస్తారు జనాలు," అని పైడిరాజు పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తిప్పుకొస్తాను అన్నదే గానీ తిప్పింది గంగే. పార్కు చివర 'గిరిజన గ్రామం' అని పెద్ద బోర్డు, దాని వెనక నాలుగు పూరిళ్లు. గోడలకి ఎర్రమట్టి రంగు వేశారు, మట్టి కాదు. వాకిట్లో తిరగలిలో సోళ్లు విసురుతున్న ఆడమనిషి బొమ్మ, విల్లు పట్టుకున్న మగవాడి బొమ్మ. గంగ ఆ ఆడబొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఎవరో యాత్రికురాలు సెల్‌ఫోను పట్టుకుని దగ్గరికి వచ్చింది.

"పాపా, కొంచెం ఆ బొమ్మ పక్కన కూర్చుంటావా? ఒక్క ఫొటో." తరవాత సత్యవతి వైపు తిరిగి, "ఇక్కడి పాపేనాండీ?" అని అడిగింది.

"మా అమ్మాయి," అంది సత్యవతి.

ఆవిడ ఒకసారి సత్యవతినీ, ఒకసారి గంగనీ చూసి, "ఓహో" అని వెళ్లిపోయింది. ఆ ఓహోకి చెంప పగలగొట్టాలనిపించింది సత్యవతికి. ఇంతలో గంగ కనబడలేదు.

మూడో ఇంట్లో దొరికింది. లోపల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పొయ్యిలో ఎర్ర గుడ్డపీలికలు, కింద చిన్న ఫ్యాను, దీపం. పీలికలు మంటలాగా ఎగురుతున్నాయి. గంగ వాటి మీద చెయ్యి పెట్టి చూస్తోంది. గోడకి చేరబడి ఒక ముసలమ్మ కాళ్లు చాపుకుని ఉంది. పార్కువాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ చీర, కాళ్లకి అందెలు, జడలో ప్లాస్టిక్ పూలు. వచ్చినవాళ్ల కోసం థింసా నాట్యం ఆడే జట్టులో మనిషి. ఆట ఆటకీ మధ్య నడుం వాల్చడానికి వచ్చినట్టుంది.

"ఈ ఇంట్లో ఎవులుంతారవ్వా?" అడిగింది గంగ.

"ఎవులూ ఉండరమ్మా. సూడ్డానికి కట్టినారు."

"పొయ్యుంది కాదా?"

"పొయ్యుంది. నిప్పు నేదు." ముసలమ్మ నవ్వింది. "ఏ ఊరు గుంటవి? మన పిల్లలాగున్నావు."

గంగ ఊరు పేరు చెప్పింది. తన పేరు చెప్పింది. తరవాత, ఎవరో అడిగినట్టుగా, "మా ఇంట్లో కొత్త పెట్టలేదు, నాను మావిడికాయ తినలేదు" అని కూడా చెప్పేసింది. కారులో సత్యవతి బతిమాలినా రాని మాటలు ఈ మొహం తెలియని మనిషి దగ్గర గలగలా వచ్చాయి.

ముసలమ్మ పేరు గురుబారి. పిల్ల మాట వినగానే ఆవిడ నిటారుగా కూర్చుంది.

"నానూ తినలేదమ్మా! మా ఊర్లో కొత్తయిపోనాది. సెలవడిగితే ఈల్లు ఇయ్యలేదు. జనం ఎక్కువొచ్చే రోజులంట. రోజూ పండగాట ఆడిత్తారు, పండగకి మాత్రం ఎల్లనివ్వరు." నడుముకి దోపుకున్న సంచీలోంచి ఒక పచ్చి మామిడికాయ తీసింది. "ఈ గోడెనక సెట్టు కాడ దొరికింది. దాసుకుని తిరుగుతున్నాను. ఒక్కదాన్నే పెట్టుకోడానికి మనసొప్పలేదు."

గంగ సత్యవతి వైపు తిరిగింది. ఏదైనా కావాలని ఆ పిల్ల సత్యవతిని అడగబోవడం ఇదే మొదటిసారి. బొమ్మలడగలేదు, గౌన్లడగలేదు, ఐస్‌క్రీము కూడా పెడితే తిన్నదే.

"అత్తా, ఇక్కడ పెట్టుకోనా?"

సత్యవతికి సంతోషంతో మాట తడబడింది. "పెట్టుకో తల్లీ, పెట్టుకో! ఏటి కావాలి? కత్తి కావాలా? నా కాడుంది," అంటూ సంచీలోంచి పొద్దున మామిడికాయ కోసిన చాకు తీసి ఇచ్చింది. పనికొచ్చే వస్తువు ఒకటి తన దగ్గర ఉన్నందుకు పొంగిపోయింది.

ఆ దొంగ పొయ్యి దగ్గర వద్దంది గురుబారి. బొమ్మ ఇంటి వెనకాల, జనానికి కనబడని చోట, జట్టువాళ్లు టీ కాచుకునే మూడు రాళ్ల పొయ్యి ఉంది. బూడిద కింద నిప్పు ఇంకా ఎర్రగా ఉంది. గురుబారి అక్కడ నేల తుడిచి, నీళ్లు చల్లి, అడ్డాకు పరిచి, తన సంచీలోంచి చారెడు బియ్యం పోసింది. మామిడికాయని సన్నగా ముక్కలు కోసింది. పుల్లటి వాసనకి సత్యవతి నోట్లోనే నీళ్లూరాయి. గంగ మాత్రం చేతులు కడుక్కుని, గౌను సర్దుకుని, పెద్ద మనిషిలా మోకాళ్ల మీద కూర్చుంది.

"నా పెద్దల్ని నాను పిలుస్తాను. నీ పెద్దల్ని నువ్వు పిలు. పేరుకో ముక్క పెట్టు," అంది గురుబారి. "మీ ఇంట్లో పెద్దెవులు?"

"నానే," అంది గంగ.

పాలు తాగి గ్లాసు కడిగి బోర్లించే ఈ పిల్ల ఒక ఇంటికి పెద్ద అట! ఆ ఇంటి పెద్దరికం పిల్ల నెత్తిన ఉందని ఇన్నాళ్లూ తను అనుకోనైనా లేదు. జడ మాత్రం గట్టిగా వేసి పంపింది.

గురుబారి తనవాళ్లని పిలిచింది. చాలామందే ఉన్నారు. ముక్క పెట్టడం, పేరు చెప్పడం, తినండి, మమ్మల్ని సల్లగా సూడండి అనడం. తరవాత గంగ వంతు వచ్చింది.

"తాత బుద్రా. తిను." ఒక ముక్క పెట్టింది. "అవ్వ సుక్రి. తిను." మరో ముక్క. "మా అమ్మ మంగ్లి. తినమ్మా." ఈ ముక్క పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది, అంతే. తరవాత ఇంకో ముక్క తీసి అడ్డాకు చివర పెట్టి, "తమ్ముడు. నీకు పేరు నేదు. పేరెట్టకముందే పోనావు. అమ్మ పక్కన కూసుని తిను" అంది.

ఫల్గుణకి పైన ఇంకో తమ్ముడు ఉన్నాడని, పోయాడని సత్యవతికి ఎవరూ చెప్పలేదు. అడిగిందా తను? ఏం తింటారు, ఏ సైజు గౌను, ఏ తరగతి అని అడిగింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి గంగ చేతులు జోడించి ఉంది. అయిపోయిందన్నట్టు.

పాపం, తండ్రిని మరిచిపోయింది అనుకుంది సత్యవతి. చిన్నపిల్ల కదా. తనకి ఈ కాస్తా సాయం చెయ్యగలిగే సందు దొరికిందని ముందుకు వంగింది. ఒక ముక్క తీసి అడ్డాకులో పెడుతూ, "మీ అయ్యని మర్సిపోనావు తల్లీ. నాను సెప్తాను. సోం..." అంది.

"అనకు!"

గంగ ఒక్క గెంతు గెంతి రెండు చేతులూ సత్యవతి నోటికి అడ్డం పెట్టింది. పిల్ల గోళ్లు పెదవికి గీరుకున్నాయి. ఒక చెయ్యి నోటి మీదే ఉంచి, రెండో చేత్తో సత్యవతి పెట్టిన ముక్కని అడ్డాకులోంచి లాక్కుని గుప్పిట్లో దాచేసింది. పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా చలించని మొహం ఇప్పుడు తెల్లబోయి ఉంది.

సత్యవతికి ఏమీ అర్థం కాలేదు. తను ముట్టుకోకూడదా? మైలా? సావుకారి చెయ్యి తగిలితే పెద్దలు తినరా? గురుబారి వైపు చూసింది.

గురుబారి పిల్లనే చూస్తోంది. "బతికున్నోల్ల పేరు ఇందులో పిలవకూడదమ్మా," అంది మెల్లగా. "పిలిస్తే ఎల్లిపోతారు." తరవాత గొంతు ఇంకా తగ్గించి, "మీ అయ్య ఉన్నాడేటి గుంటా?" అని అడిగింది.

గంగ సత్యవతి నోటి మీది చెయ్యి నెమ్మదిగా తీసింది. ఇంటి పెద్ద, పోయిన పెద్దల ముందు అబద్ధం ఆడకూడదు, అత్తకి నిజం చెప్పకూడదు. ఆ రెంటి మధ్యా ఇరుక్కుని పిల్ల ఉక్కిరిబిక్కిరి అవుతోంది.

"నీకు సెప్పకూడదన్నాడు," అంది చివరికి.

"ఎవరు?"

"మావ."

"మావెందుకు సెప్పొద్దన్నాడు?"

"సెప్తే నువ్వు ఏడుత్తావంట."

సత్యవతి నేల మీదే కూర్చుంది. ఏ మాట ముందు అర్థం చేసుకోవాలో తెలియలేదు. సోంబరు బతికి ఉన్నాడు. ఆ సంగతి పైడిరాజుకి తెలుసు. పక్కన పడుకున్న మనిషి, పొద్దున కాఫీలో చక్కెర చాల్లేదని గునిసిన మనిషి, తెలిసి ఊరుకున్నాడు. తను ఏడుస్తుందని ఏడేళ్ల పిల్ల అంత పెద్ద మాటని కడుపులో దాచుకుని, తడిసి, తుడుచుకుని, ఎక్కమంటే ఎక్కి, దిగమంటే దిగింది. మొగుడి మీద మండిపడాలా, పిల్లని గుండెకి హత్తుకోవాలా, లేక ఎక్కడో బతికున్న ఆ మనిషిని తలుచుకుని భయపడాలా? మూడూ ఒకేసారి వచ్చి దేనికీ చోటు లేకుండా చేశాయి.

"సూసినావా మీ అయ్యని?"

"సూసినాను. సంత నాడు, కొట్టెనకాల. ఎడం సెయ్యి లేవదు. నన్ను పోల్చీసినాడు. ఫల్గుణకి మాత్రం ఆడెవులో తెలీలేదు." గంగ కళ్లు సత్యవతి మొహం మీదే ఉన్నాయి. "ఇప్పుడు ఏడుత్తావా?"

"ఏడవను," అంది సత్యవతి, ఏడుస్తూనే.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. మీ అయ్యతో ఎల్లిపోతావా? రమణి మేడమ్ వారం తరవాత అడగబోయేది ఇంచుమించు ఇదే. ఆవిడకి ముందే తను తెలుసుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గంగ ఊ అంటే? ఆ ఊ ఒకసారి విన్నాక ఫల్గుణని నిద్రపుచ్చడం, పొద్దున్నే జడలు వెయ్యడం తన వల్ల అవుతుందా? సత్యవతి అడగలేదు.

"తినీ అమ్మా, పెద్దలు తినీసినారు," అంది గురుబారి, పిల్ల వీపు నిమురుతూ.

గంగ ఒక ముక్క నోట్లో వేసుకుంది. పులుపుకి కళ్లు రెండూ మూసుకుని, ఒళ్లంతా జలదరించి, పొద్దుటినుంచీ మొదటిసారి నవ్వింది. అచ్చమైన నవ్వు. తరవాత ఇంకో ముక్క తీసి సత్యవతి నోటి దగ్గర పెట్టింది.

"తిను అత్తా. మన ఇంట్లో కొత్తయిపోనాది. ఇప్పుడు నువ్వూ తినొచ్చు."

పొద్దున మా ఇల్లు అన్న నోరే ఇప్పుడు మన ఇల్లు అంది. ఈ మాట కోసమే కదా సత్యవతి టిక్కెట్లు కొనిపించింది, కారు మాట్లాడించింది! తీరా ఆ మాట వచ్చిన పూట, నమలడానికి కూడా ధైర్యం చాలక ముక్కని నోట్లోనే ఉంచుకుని కూర్చుంది.

"ఏటిక్కడ సేత్తన్నారు? మీకోసం పార్కంతా ఎతికీసినాను!"

ఇంటి పక్కనుంచి పైడిరాజు వచ్చాడు. భుజం మీద ఫల్గుణ, వాడి చేతిలో పీచుమిఠాయి. ఫల్గుణ జారి కిందికి దిగి, మామిడిముక్క చూసి నోరు తెరిచాడు. గంగ తమ్ముడి నోట్లో ఒకటి పెట్టింది. తరవాత గుప్పిట విప్పింది. సత్యవతి దగ్గర లాక్కున్న ముక్క నలిగి అందులోనే ఉంది. గంగ దాన్ని శుభ్రమైన అడ్డాకులో జాగ్రత్తగా చుట్టి పైడిరాజుకి అందించింది.

"ఇది మా అయ్యకి మావా. ఆడూ ఇంకా తినుండడు. ఇంటికెల్లగానే బేగి ఇచ్చీ. గోడౌన్ తాళం నీ కాడే ఉంది కాదా?"

పైడిరాజు చెయ్యి చాపలేదు. అడ్డాకు పొట్లం పిల్ల చేతిలో అలాగే ఉండిపోయింది. సత్యవతి ముక్క మింగి, నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"మన గోడౌన్‌లోనా?" అంది. "బతికున్న మనిషిని లోపలెట్టి తాళమేసొచ్చి నాతో కారులో కూసున్నారా?"

"సత్తీ, పిల్లల ముందు..."

"తాళం ఇలగియ్యండి."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. తాళం చెవుల గుత్తి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కానీ గుత్తి వదల్లేదు, అలాగే పట్టుకుని ఉన్నాడు.

"నాను కావాలని ఎయ్యలేదు సత్తీ," అన్నాడు. పదిహేనేళ్ల కాపురంలో అతని గొంతు అలా పగలడం సత్యవతి వినలేదు. "ఆడే ఎయ్యమన్నాడు. పిల్లల కారెనక పరిగెత్తీకుండా ఉండాలంటే బయటినుంచి తాళమెయ్యి సావుకారీ అని, నా కాళ్లట్టుకున్నాడు."